ఇంచీ పైపు, 32 మిల్లీమీటర్ల బల్క్‌హెడ్: ఒక రీఫ్ ట్యాంకు ప్లంబింగ్ కేసు

ఇళ్లలో చేపలు, కోరల్స్ (పగడపు జీవులు) పెంచే సముద్రపు అక్వేరియంలు, అంటే రీఫ్ ట్యాంకులు అమర్చడం, దారి తప్పినవాటిని బాగు చేయడం నా పని. పీవీసీ అతికించే సొల్యూషన్ వాసన చూసి "ఇదే నా కోరల్స్‌ని చంపేస్తోంది" అని ఫోన్ చేసేవాళ్లు తరచూ ఉంటారు. వాళ్ల భయం తీసిపారేయాల్సింది కాదు. అయితే అసలు కారణం చాలాసార్లు ఆ డబ్బాలో ఉండదు, దాని చుట్టూ జరిగిన పనిలో ఉంటుంది. ఈ కేసులో అలాంటి కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఏది ఏమిటో విడదీసిన పద్ధతి ఇంకొకరికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. హాల్లో 120 × 60 × 50 సెంటీమీటర్ల గాజు ట్యాంకు, కింద క్యాబినెట్‌లో సంప్, అంటే ట్యాంకు నీళ్లు దిగి చేరే రెండో తొట్టె. రెండింటిలో కలిపి తిరిగే నీరు దాదాపు 400 లీటర్లు. అడుగు గాజుకు రెండు రంధ్రాలు, వాటిలో గాజుకు బిగించి పైపును పట్టే బల్క్‌హెడ్ ఫిట్టింగులు, వాటి కింద రెండు డ్రెయిన్లు. ఒకదానికి గేట్ వాల్వ్ ఉంది, నీరంతా మామూలుగా అందులోంచే దిగుతుంది. రెండోది ఎమర్జెన్సీ లైను, దానికి వాల్వ్ లేదు, ఉండకూడదు కూడా. సంప్‌లోని పంపు నుంచి రిటర్న్ లైను ట్యాంకు వెనకగా ఎక్కి అంచు మీదుగా లోపలికి వస్తుంది. నీళ్లు తగ్గితే ఆటో టాప్-ఆఫ్ దానంతటదే ఆర్‌ఓ నీళ్లు నింపుతుంది.

ట్యాంకు, బల్క్‌హెడ్లు అక్వేరియం సరుకు అమ్మేవాళ్ల దగ్గర కొన్నారు. పైపుల పని ఇంట్లో కుళాయిలు బాగు చేసే ప్లంబర్ చేశాడు. మంచి పనివాడే, ఆ ఇంటి బాత్రూమ్ లైన్లు చూస్తే తెలుస్తుంది. కాకపోతే మంచినీళ్ల లైనుకు సరిపోయే అలవాట్లు కొన్ని ఉప్పునీళ్ల ట్యాంకులో హాని చేస్తాయి.

వచ్చిన ఇబ్బంది

నేను వెళ్లేసరికి మెయిన్ డ్రెయిన్ బల్క్‌హెడ్ కింది ఎల్బో చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. దాని కింద ఒక స్టీలు గిన్నె. అందులో పడిన నీళ్లు రోజూ పారబోస్తున్నారు. ప్లైవుడ్ అంచులు ఉబ్బాయి. క్లీనర్ ష్రిమ్ప్ ఒక్కటీ మిగల్లేదు, టర్బో నత్తలు ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి. హ్యామర్ కోరల్ సగం ముడుచుకుని ఉంది. చేపలు మాత్రం హుషారుగా తిండి తింటున్నాయి. ఇంటాయన తేల్చేసుకున్నాడు: "జాయింటు కారుతోందని సొల్యూషన్ రాశాను సార్, అది నీళ్లలో కలిసింది."

దానికి తోడు, ఆ సొల్యూషన్ రాసిన రాత్రి ఆయనకు తల తిరిగి, వాంతి వచ్చినట్టయింది. ఏసీ వేసి కిటికీలు మూసిన హాల్లో, క్యాబినెట్‌లోకి తల దూర్చి పని చేశాడట. హాలుకు ఆనుకునే పూజ గూడు ఉంది, దాంట్లో దీపం వెలుగుతోంది. చేపల సంగతికి ముందు నేను ఆయనతో మాట్లాడింది దీని గురించే. ఈ సొల్యూషన్లలో టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఈథైల్ కీటోన్, అసిటోన్, సైక్లోహెక్సనోన్ లాంటి సాల్వెంట్లు ఉంటాయి. వాటి ఆవిరి గాలి కంటే బరువు, అందుకే పైకి పోకుండా క్యాబినెట్ అడుగున, నేల మీద పరుచుకుంటుంది. టెట్రాహైడ్రోఫ్యూరాన్ సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరినిస్తుంది. మనిషి తల, పంపు ప్లగ్గు, దీపం మూడూ ఆ ఆవిరి దారిలోనే ఉన్నాయి. ఆ రాత్రి ఏమీ జరగకపోవడం అదృష్టం తప్ప మరేమీ కాదు.

అంతకుముందు చేసి చూసినవి

ముందు కారే చోట పైనుంచి సొల్యూషన్ పూశారు. ఒకరోజు ఆగి మళ్లీ మొదలైంది. తర్వాత సిలికాన్ పెట్టారు. ఆపైన రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ అద్దారు. మూడూ ఎందుకు నిలవలేదో ఇంటాయనకు వివరంగా చెప్పాను, ఎందుకంటే ఆ కారణాల్లోనే అసలు విషయం ఉంది.

పీవీసీ సొల్యూషన్ ఫెవికాల్‌లా మధ్యలో పొరగా ఉండి రెండింటినీ పట్టుకునే పదార్థం కాదు. అది పైపు బయటి ఒంటినీ ఫిట్టింగ్ లోపలి ఒంటినీ మెత్తబరుస్తుంది. ఆ మెత్తటి ఒళ్లు రెండూ ఒకదాన్నొకటి ఒత్తుకున్నప్పుడు కలిసిపోతాయి. తర్వాత సాల్వెంట్ ఎగిరిపోయి ఒకే ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడతాయి. ఒత్తుకోవడం లేకపోతే కలవడం లేదు. బయట పూస్తే బయటే ఒక తోలు కడుతుంది, దాని వెనక నీళ్ల దారి అలాగే ఉంటుంది. తడిగా, ఉప్పు పట్టి ఉన్న చోట ఆ తోలు కూడా నిలవదు. సిలికాన్ గాజును పట్టినట్టు పీవీసీని పట్టదు, ఒక మూల లాగితే మొత్తం ఊడి వస్తుంది. పుట్టీ గట్టిపడి రాయిలా అయింది కానీ, పైపు బరువంతా బల్క్‌హెడ్‌కే వేలాడుతోంది, ఎక్కడా క్లాంపు లేదు. పంపు అదురుకు రాయి లాంటి పుట్టీకీ ఊగే పైపుకీ మధ్య సన్నని సందు పడింది.

ముందు తేదీలు రాయించాను

అక్వేరియం కేసుల్లో నాకు బాగా పనికొచ్చేది ఏ టెస్ట్ కిట్టూ కాదు, తేదీల పట్టిక. ఏది ఎప్పుడు చచ్చింది, ఏ రిపేరు ఎప్పుడు జరిగిందో భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి రాయించాను. ఫోన్‌లోని ఫోటోల తేదీలు సాయం చేశాయి. తేలిందేమంటే, ష్రిమ్ప్‌లు, మొదటి నత్తలు పోయింది సొల్యూషన్ రిపేరుకు చాలా ముందు. రిపేరు తర్వాత కోరల్స్ అన్నీ ఒక్కసారిగా ముడుచుకున్నాయి, వాటిలో చిన్న పూలలా గుత్తులుగా ఉండే జోయాంతిడ్లు ఒకట్రెండు రోజుల్లో తెరుచుకున్నాయి.

ఆ ఒకట్రెండు రోజుల ముడుచుకోవడం సొల్యూషన్ పనే అని నేను అనుకుంటున్నాను. నడుస్తున్న ట్యాంకులో తడి జాయింటుకు రాస్తే కొంత సాల్వెంట్ నీళ్లలోకి పోతుంది. అయితే అసిటోన్ 56 డిగ్రీల దగ్గర, టెట్రాహైడ్రోఫ్యూరాన్ 66 డిగ్రీల దగ్గర మరిగే పదార్థాలు. గాలి బుడగలతో నీళ్లలోని మురికి తీసే స్కిమ్మర్ రాత్రీపగలూ గాలి కలుపుతుంటే ఇవి నీళ్లలో ఎక్కువ కాలం నిలవవు. సైక్లోహెక్సనోన్ నెమ్మది, 156 డిగ్రీలు, కొత్త పైపుల్లో ఎన్నాళ్లకో గానీ పోని ఆ వాసనలో దాని వాటా ఉంటుంది. ఎలా చూసినా వారాల తరబడి, రిపేరుకు ముందు నుంచే సాగుతున్న చావులకు ఇది కారణం కాలేదు. ఇంకేదో ఉంది.

చేపలు బాగుండి ష్రిమ్ప్‌లు, నత్తలు పోతుంటే నా అనుమానం మొదట రాగి మీదకు వెళ్తుంది. చేపల తెల్లమచ్చల జబ్బుకు వేరే ట్యాంకులో రాగి మందు వాడతారు. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉండే ఆ మోతాదును చేపలు తట్టుకుంటాయి, ష్రిమ్ప్‌లు తట్టుకోలేవు. కిట్‌తో చూస్తే రాగి సున్నా వచ్చింది. ఆ సున్నాను నేను లెక్కలోకి తీసుకోలేదు. నత్తలను, కోరల్స్‌ను నెమ్మదిగా దెబ్బతీసేంత కొంచెం రాగిని హాబీ కిట్లు నమ్మకంగా చూపించవు. అందుకే పంపు ఆపి, రిటర్న్ లైను విప్పి చూశాను. పంపు దగ్గర ఒకటి, పైన వాల్వ్ దగ్గర ఒకటి, లోపల ఇత్తడి మర ఉన్న ఫిట్టింగులు కనిపించాయి. కుళాయి బిగించే చోట ప్లంబర్లు వాడేవే. ఇంటి లైనుకు అవి మేలు, ప్లాస్టిక్ మర కంటే గట్టివి. ఉప్పునీళ్లలో మాత్రం ఇత్తడి అరిగిపోతూ రాగిని వదులుతుంది. విప్పిన మర మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. బయటి నుంచి చూస్తే అంతా తెల్లటి ప్లాస్టికే.

మూడో కారణం గిన్నెలో ఉంది. నీరు ఆవిరైతే ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది, కారితే ఉప్పుతో సహా పోతుంది. ఆటో టాప్-ఆఫ్‌కి ఆ తేడా తెలియదు, రెండింటికీ మంచినీళ్లే పోస్తుంది. మూడు సెకన్లకు ఒక చుక్క కారినా రోజుకు దాదాపు లీటరున్నర. 400 లీటర్లలో నెల తిరిగేసరికి పదో వంతు ఉప్పు పోయినట్టే. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను సరిచూసి కొలిస్తే సాపేక్ష సాంద్రత 1.023 వచ్చింది. ఇంటాయన లెక్కలో అది ఇంకా 1.026, ఎందుకంటే నీటిమట్టం ఎప్పుడూ తగ్గలేదు.

జాయింటు ఎందుకు కారింది

పుట్టీ చెక్కేసి, ఎల్బోను అడ్డంగా కోసి చూశాను. బల్క్‌హెడ్ 32 మిల్లీమీటర్ల మెట్రిక్ సైజు. కింద ఉన్న ఎల్బో, వాల్వ్ ఇళ్లలో వాడే తెల్లటి షెడ్యూల్ 40 రకం, "ఇంచీ" సైజు. షెడ్యూల్ 40 ఇంచీ పైపు బయటి కొలత 33.4 మిల్లీమీటర్లు. వ్యవసాయ మోటార్లకు వేసే బూడిద రంగు పైపులు భారతీయ ప్రమాణం ఐఎస్ 4985 ప్రకారం మెట్రిక్ కొలతల్లో వస్తాయి: 20, 25, 32, 40, 50, 63. దుకాణంలో 32 మిల్లీమీటర్ల పైపునూ ఇంచీ పైపు అనే అడుగుతారు, ఇస్తారు. తెల్ల పైపు బల్క్‌హెడ్‌లోకి దూరకపోయేసరికి ప్లంబర్ బూడిద పైపు ముక్క తెచ్చాడు. అది పైన బల్క్‌హెడ్‌లో చక్కగా కూర్చుంది. కింద తెల్ల ఎల్బోలో వదులైంది. "ఇంచీ అంటే ఇంచే కదా" అనుకుని ఆ 1.4 మిల్లీమీటర్ల తేడాను సొల్యూషన్‌తో నింపేశాడు.

సొల్యూషన్‌లో ఎక్కువ భాగం ఎగిరిపోయే సాల్వెంటే, మిగిలే ప్లాస్టిక్ కొంచెం. సందు నిండా పోసినది ఆరే కొద్దీ కుంచించుకుపోయి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు ఇస్తుంది. కోసిన ఎల్బోలో ఆ నెర్రెలు కంటికే కనిపించాయి. అడుగున ఎక్కువైన సొల్యూషన్ లోపలికి జారి గడ్డ కట్టింది, ఆ చోట పైపు గోడ గోకితే లేచేంత మెత్తబడి ఉంది. అక్కడ నీటి ఒత్తిడి ఎంతో చూస్తే, ఎత్తు మీటరు కూడా లేదు, అంటే 0.1 బార్ లోపే. ఓవర్‌హెడ్ ట్యాంకు లైనుతో పోలిస్తే ఏమీ లేనట్టే. జాయింటు ఒత్తిడికి ఓడిపోలేదు. దానికి అతుకే పడలేదు.

ఏ క్రమంలో చేశాం, ఎందుకు

అన్నీ ఒకేరోజు పీకేద్దామని ఇంటాయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ముందు ఇత్తడి తీయాలి, ఎందుకంటే అది ప్రతి గంటా హాని చేస్తోంది. ఆ రోజే రెండు ఫిట్టింగులూ తీసేసి పంపుతో వచ్చిన ప్లాస్టిక్ హోస్ బార్బ్ (గొట్టం తొడిగే ముక్క), మెత్తటి సిలికాన్ గొట్టం పెట్టాం. స్టీలు క్లిప్పులు ఉప్పుకు తుప్పు పడతాయి, అందుకని ప్లాస్టిక్ క్లిప్పులు వాడాం. మెత్తటి గొట్టం వల్ల పంపు అదురు పైపులకు ఎక్కడం కూడా తగ్గింది. సంప్‌లో యాక్టివేటెడ్ కార్బన్, రాగిని పట్టి రంగు మారే ఫిల్టర్ ప్యాడ్ వేశాం. ప్యాడ్ నీలం తిరిగింది. కిట్టు చెప్పని మాట అది చెప్పింది.

ఉప్పును ఒక్కసారిగా పెంచలేదు. టాప్-ఆఫ్ నీళ్లలో కొంచెం కొంచెం ఉప్పు కలిపి రోజుకు 0.001కి మించకుండా పైకి తెచ్చాం. అది 1.025 దాటి నిలకడయ్యాకే ప్లంబింగ్ ముట్టుకున్నాం. అప్పటికే అలసిన కోరల్స్‌ను టబ్బులోకి మార్చాలి, ఆ మార్పును అవి తట్టుకోవాలంటే ముందు నీళ్లు కుదుటపడాలి.

డ్రెయిన్‌కి మూడు దారులు ఆలోచించాను. 32 నుంచి ఇంచీకి మార్చే అడాప్టర్ దొరికితే వేయడం మొదటిది. దొరికినవాటి కొలతలు మిల్లీమీటరులో భాగాలు కూడా చూపించే వెర్నియర్‌తో చూస్తే నమ్మకం కలగలేదు. రెండోది గాజులోని బల్క్‌హెడ్ మార్చడం. ఉన్న రంధ్రానికి ఇంచీ బల్క్‌హెడ్ కుదరదు, నీళ్ల బరువు మోసే అడుగు గాజును మళ్లీ తొలవడం నాకు ఇష్టం లేదు. మూడోది చాలా మామూలు దారి: డ్రెయిన్ చివర సంప్‌లో తెరిచే ఉంటుంది, దేనికీ అతకదు. కాబట్టి బల్క్‌హెడ్ నుంచి సంప్ దాకా మొత్తం 32 మిల్లీమీటర్లే వేస్తే సరి, రెండు కొలతలు ఎక్కడా కలవాల్సిన పనే లేదు. రిటర్న్ లైను ట్యాంకు అంచు మీదుగానే పోతుంది గనుక అది మొత్తం ఇంచీ షెడ్యూల్ 40లో ఉండనిచ్చాం.

బూడిద పైపు ఎంచుకునేటప్పుడు రెండు చూశాను. సన్నగోడ పైపు సొల్యూషన్‌కి తొందరగా మెత్తబడుతుంది, అందుకే గోడ మందంగా ఉండే 10 కేజీల ఒత్తిడి క్లాసు తీసుకున్నాం. రెండోది సీసం. మన పీవీసీ పైపుల్లో చాలాకాలం సీసం స్టెబిలైజర్లు వాడారు. దాన్ని కట్టడి చేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నియమాలు తెచ్చింది. పాత స్టాకు వద్దని చెప్పి, సీసం లేనిదని రాసి ఉన్న కొత్త పైపే కొన్నాం.

అతికించిన విధానం

నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇది: అతికే పని ఇంటి లోపల చేయకండి. యూనియన్లు, అంటే చేత్తో మర తిప్పి విప్పి బిగించగల జాయింట్లు ఉన్నది అందుకే. బల్క్‌హెడ్ కింద ఒక యూనియన్, గేట్ వాల్వ్ తర్వాత ఒక యూనియన్ పెట్టేలా లైనును ముక్కలుగా విడగొట్టాం. ప్రతి ముక్కనూ బాల్కనీలో అతికించాం. క్యాబినెట్‌లో మిగిలింది చేత్తో మరలు బిగించడమే. బల్క్‌హెడ్‌ను కూడా గాజు నుంచి విప్పి బయటే అతికించాం. చాలా బల్క్‌హెడ్లు ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్‌తో చేసి ఉంటాయి, వాటిని పీవీసీ సొల్యూషన్ సరిగా కలపదు. ఇది పీవీసీయేనని దాని మీది ముద్ర చూసి ఖాయం చేసుకున్నాకే ముందుకెళ్లాం.

సొల్యూషన్ లేకుండా ముందు అన్నీ పొడిగా అమర్చి చూశాం. మంచి జోడీలో పైపు చేత్తో తోస్తే సాకెట్‌లో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా పోయి బిగుస్తుంది. అడుగుదాకా సులువుగా జారితే వదులు, అసలు పోకపోతే వేరే కొలత. గరుకు కాగితంతో రుద్ది పట్టించడం నేను చేయనివ్వను, రుద్దిన పైపు గుండ్రదనం పోతుంది. అమరిక సరిగ్గా ఉందనుకున్నాక పైపు మీద, ఫిట్టింగ్ మీద కలిపి మార్కర్‌తో గీతలు పెట్టాం. తడి మీద ఆలోచించే టైముండదు.

పైపును అడ్డంగా సూటిగా కోసి, లోపలి రజను కత్తితో తీసి, బయటి అంచును ఆకురాయితో కొంచెం వాలు చేశాం. అంచు వాలు లేకపోతే తోసేటప్పుడు సొల్యూషన్‌ను గోకి సాకెట్ అడుగుకు నెట్టేస్తుంది. ఇంటాయన దగ్గరున్న పాత డబ్బా తెరిస్తే లోపల జెల్లీలా తీగలు సాగింది, అది పారేయాల్సిందే. థిన్నర్ కలిపి పలచబరిస్తే పని చేయదు. యూపీవీసీకి (మామూలు గట్టి పీవీసీ) యూపీవీసీ సొల్యూషన్, సీపీవీసీకి (వేడినీళ్ల లైన్ల రకం) దానిదే. పైపు మీద ఒక సమమైన పూత, సాకెట్ లోపల అంతకంటే పలచని పూత, వెంటనే తోసి పావు తిప్పు తిప్పి, కొంతసేపు గట్టిగా పట్టుకోవాలి. వదిలేస్తే సాకెట్ వాలు పైపును వెనక్కి తోస్తుంది. చుట్టూ సన్నని అంచులా సొల్యూషన్ కనిపిస్తే చాలు, మిగతాది తుడిచేశాం. చేతికి సన్నని నైట్రైల్ గ్లవుజులు వేసుకున్నా టెట్రాహైడ్రోఫ్యూరాన్ వాటిలోంచి త్వరగానే చర్మానికి చేరుతుంది, మరక పడితే వెంటనే మార్చాలి. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. మాకు ఆధారం బాల్కనీ గాలే, ఆ రోజు పొద్దున్నుంచి పని ముగిసేదాకా దీపం, అగరబత్తి వెలిగించవద్దని ఇంట్లో చెప్పాం.

ఆరడం, పరీక్ష

డబ్బా మీద రాసే ఆరే సమయాలు జాయింటు ఒత్తిడిని తట్టుకునే లెక్కకు రాసినవి. రీఫ్ ట్యాంకుకు ఇంకో లెక్క కావాలి: లోపల చిక్కిన సాల్వెంట్ బయటికి పోవాలి. చివరలు మూసిన పైపులో అది పోలేదు. అందుకే అన్ని ముక్కలూ చివరలు తెరిచి, వాల్వులు తెరిచి, టేబుల్ ఫ్యాన్ ముందు ఉంచాం. వానాకాలం, గాలిలో తేమ ఎక్కువ. మామూలుగా 24 గంటలు చాలనే చోట రెండింతలు ఆగాం.

బిగించాక ఉప్పునీళ్లు పెట్టలేదు. కుళాయి నీళ్లతో ఒకరోజంతా నడిపి, ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం చుట్టి చూశాం. అతికిన జాయింట్లు అన్నీ పొడిగా ఉన్నాయి. ఒక యూనియన్ దగ్గర మాత్రం కాగితం తడిసింది. విప్పితే ఓ-రింగ్ మీద పీవీసీ రజను ఉంది, తుడిచి చేత్తో బిగిస్తే ఆగింది. రెంచీతో బిగించి ఉంటే ఆ రజను రింగును కోసేసేది. తర్వాత పంపు స్విచ్ తీసి కరెంటు పోతే ఎలా ఉంటుందో చూశాం: పైనుంచి దిగే నీళ్లన్నీ సంప్‌లో పట్టాయి. గేట్ వాల్వ్ కావాలని మూసి ఎమర్జెన్సీ డ్రెయిన్ ఒక్కటే మొత్తం ప్రవాహాన్ని మోస్తుందో లేదో కూడా చూశాం. ఆ నీళ్లన్నీ పారబోసి, ఆర్‌ఓ నీళ్లతో ఒకసారి కడిగి, అప్పుడు టబ్బులోని ఉప్పునీళ్లు, జీవాలు వెనక్కి తెచ్చాం. పైపును క్యాబినెట్ గోడకు క్లాంపులతో పట్టించాం, బల్క్‌హెడ్ ఇప్పుడు ఏ బరువూ మోయడం లేదు.

కోరల్స్ ఈసారి ముడుచుకోలేదు. హ్యామర్ పూర్తిగా తెరుచుకోవడానికి వారాలు పట్టింది, దాని ఒక తల పోయింది. రాగి ప్యాడ్ కొత్తది వేసినా రంగు మారకపోయే వరకు నత్తలు కొనవద్దన్నాను. ష్రిమ్ప్‌లను అన్నిటికంటే చివర తెమ్మన్నాను, రాగికి అవి అంత సున్నితం. ముందు రెండే నత్తలు వేసి చూశారు, నిలిచాయి, తర్వాత మిగతావి.

ఈ కేసు తర్వాత, కొత్త ట్యాంకు పని ఒప్పుకునే ముందు ప్లంబర్ తెచ్చిన సరుకును నేను రెండు వస్తువులతో తనిఖీ చేస్తున్నాను: పైపు బయటి కొలతకు, సాకెట్ లోపలి కొలతకు వెర్నియర్, మర ఉన్న ప్రతి ఫిట్టింగ్ లోపలికి టార్చి లైటు. బంగారు రంగు ఎక్కడ మెరిసినా ఆ ముక్క అక్కడే పక్కన పెట్టిస్తాను. ఆటో టాప్-ఆఫ్ ఉన్న ఇంట్లో ఉప్పు కొలతను వారానికోసారి పుస్తకంలో రాయమంటాను, అది నెమ్మదిగా దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే, గిన్నె కనబడినా కనబడకపోయినా.